పిట్ట మీద పదకొండు పేజీలు

“రిపోర్టుకి కాళ్లొచ్చి నడిచిపోయిందా? రాత్రి నీ బల్ల మీదే చూశాను!” అంటున్నాడు నాన్న.

“మీరే ఏ పేపర్లలోనో కలిపేసి ఉంటారు. ఈ ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండి చస్తే కదా!” అమ్మ గొంతు లేచింది. “రెండింటికి పిట్టగాడి కేసు పిలుస్తారు. రిపోర్టు లేకపోతే మళ్లీ నెలకి వాయిదా. ఆ పిల్లాడు ఇంకో నెల ఆ గవర్నమెంటు హోంలోనే పడుండాలి.”

తలుపు ఇవతల వింటున్న కొడుకు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

అమ్మని ఆఫీసరమ్మ అంటారందరూ. ఇరవై ఆరేళ్లుగా పిల్లల కోర్టులో ప్రొబేషన్ ఆఫీసరు. చేరిన కొత్తలో పిల్లల్ని పెద్ద దొంగలతో కలిపి ఒకే వ్యానులో తెచ్చి, ఒకే బోనెక్కించేవారు. ఇప్పుడు బోను లేదు. జడ్జిగారు పిల్లాడికి ఎదురుగా మామూలు బల్ల దగ్గరే కూర్చుంటారు. పోలీసు యూనిఫాం వదిలి మామూలు బట్టల్లో వస్తాడు. పిల్లాడు ఎలాంటి ఇంట్లోంచి వచ్చాడో ఆమె చేత్తో రాసిచ్చింది చదివాకే తీర్పు. అందుకని ఆమె వాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతుంది. మొహం కంటే ముందు చేతులు చూస్తుంది. అబద్ధాలాడేది నోరొక్కటేనట.

సైకిళ్లెత్తుకుపోయే పిట్టకి పదకొండు పేజీలు! వాడికి ఉల్లిపాయ పడదట, చీకటంటే భయమట, ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే చేస్తాడట. సొంత కొడుకు తను, కాలేజీ మానేసి ఏడు నెలలైంది. ఎందుకని అమ్మ ఒకే ఒక్కసారి అడిగింది, అదీ చెప్పులేసుకుంటూ. జవాబు వినేలోపు గేటు దాటేసింది. పొద్దున ఆ పేజీలు చివరిదాకా చదివాడు కొడుకు. తీసుకెళ్లి బట్టల బకెట్లో ముంచి, అక్షరం మిగలకుండా పిసికాడు.

అమ్మ బయటికొచ్చింది. “చేతులు చూపించు.”

వేళ్లనిండా నీలం సిరా.

“బకెట్లో ముంచేశాను. ఏం చేస్తావు నన్ను? పద్దెనిమిది దాటాయిగా, మీ కోర్టుకి పనికిరాను!”

ఆమె తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది, ఎదురుగా కాదు, పక్కన. కోర్టు పిల్లల దగ్గర అలాగే కూర్చుంటుందని వాడికి తెలుసు. తెల్లకాగితాలూ పెన్నూ వాడి ముందు పెట్టింది.

“ఇంకా మూడు గంటలుంది. పిట్ట సంగతి నేను చెప్తాను, నువ్వు రాయరా. సాయంత్రం వచ్చాక చెప్పులు విప్పేసి అడుగుతాను. కాలేజీ ఎందుకు మానేశావో అప్పుడు నాకు చెప్పు.”