సాల్వెంట్ గది బయట మూడు నిమిషాలు

2018 జూలైలో నేను మల్టీమీడియా డిప్లొమాలో దూరవిద్య విద్యార్థినిగా చేరాను. అప్పటికి పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరును. వయసు నలభై ఏడు. మేం గోడలకు అంటించిన భద్రతా పోస్టర్లను ఎవరూ చదవడం లేదు గనుక, వీడియో తీయడం పద్ధతిగా నేర్చుకోదలిచాను. పుస్తకాలు తపాలాలో వచ్చేవి. ఆదివారాలు సంగారెడ్డిలో తరగతులు.

మొదటి ప్రాక్టికల్ అసైన్‌మెంటు, మనం పనిచేసే చోట జరిగే ఒక పనిపై మూడు నిమిషాల చిత్రం. నటింపజేసిన దృశ్యాలు ఉండకూడదు. అందులో నెగ్గకపోతే సెమిస్టరు పరీక్షకు అనుమతి లేదు. డ్రమ్ములోని సాల్వెంటును, అంటే సులభంగా మండే ద్రావకాన్ని, మందు తయారయ్యే పెద్ద పాత్ర రియాక్టరులోకి పంపు చేసే పనిని ఎంచుకున్నాను. యాజమాన్యం ఒప్పుకుంది. అయితే నిప్పురవ్వ పుట్టని ప్రత్యేక కెమెరా అద్దెకిస్తానన్నవాడు ఆఖరు రోజున చేతులెత్తేశాడు. నా దగ్గర మిగిలింది మామూలు కెమెరా.

మామూలు విద్యుత్ పరికరాన్ని పంపింగ్ జరిగే సాల్వెంట్ గదిలోకి తీసుకుపోవాలంటే, వెల్డింగుకు తీసుకున్నట్టే, హాట్ వర్క్ పర్మిట్, అంటే నిప్పురవ్వ పుట్టగల పనికి రాతపూర్వక అనుమతి, తీసుకోవాలి. అడిగేవారు, సంతకం చేసేవారు ఒకరే కాకూడదు. కనుక ఆ రోజు దరఖాస్తు నాది, సంతకం నా కింది అధికారి శ్రీనివాస్‌ది. అతను లక్డారం రైతు కుటుంబం నుంచి వచ్చిన ఇంజినీరు. డ్రమ్ము మూత తీయకముందు జరిగే ఏర్పాట్ల వరకే నేను అనుమతి అడిగాను.

“పని ఏమని రాయాలె మేడం?” అన్నాడు. షూటింగ్ అన్నాను.

పంపు నడిపే ఆపరేటరు మల్లేశం అందుకున్నాడు. “హీరోను నేనే సార్. గని మాస్కు పెడితే మా ఇంటామె సుత గుర్తువట్టది.”

“గుర్తువట్టకుంటెనే సినిమా నడుస్తది తియ్,” అన్నాడు శ్రీనివాస్.

గదిలో మండే ఆవిరి ఎంతుందో కొలిచే గ్యాస్ మీటరు సున్నా చూపింది. అంతలో ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. తయారీలో ఉన్న మందు బ్యాచ్ ఆగదని, పంపింగ్ వెంటనే మొదలుపెట్టి దాన్నే చిత్రీకరించమని ఆయన పట్టు. “మీటరు జీరో ఉన్నది కదనయ్యా. ఐదు నిమిషాల పని. మేడం పరీక్ష పోగొడ్తవా ఏంది? సంతకం కొట్టు.”

“మూత తీసినంక గూడ జీరోనే ఉంటదా సార్?” అని శ్రీనివాస్ నా వైపు తిరిగాడు. “మీరేమంటరు మేడం?”

“నన్నడగకు. ఇయ్యాల పర్మిట్ నీది,” అన్నాను. నేను అవునంటే అది నా పరీక్ష కోసం చెప్పినట్టవుతుంది. కాదంటే నిర్ణయం అతనిది కాకుండా పోతుంది. అతను సంతకం పెట్టి ఉంటే దరఖాస్తు వెనక్కి తీసుకునేదాన్ని. అతను ‘తిరస్కరించడమైనది’ అని రాసి సంతకం చేశాడు. కెమెరా లేకుండానే పంపింగ్ మొదలుపెట్టమని మల్లేశానికి చెప్పి మేనేజరు వెళ్లిపోయాడు.

అసైన్‌మెంటు మర్నాడు ఇవ్వాలి. కెమెరాను గది బయట, హద్దు గీతకు ఇవతల, స్టాండుపై నిలబెట్టాను. మల్లేశం ఫోను, అగ్గిపెట్టె తీసి బయటి డబ్బాలో పెట్టాడు. ఒంట్లోని స్థిరవిద్యుత్తు భూమిలోకి పోవడానికి గోడకున్న రాగి పలకను అరచేత్తో తాకాడు. లోపలికి వెళ్లాడు, తలుపు మూసుకుంది. మిగతా చిత్రమంతా ఆ తలుపే. వెనక పంపు శబ్దం. చివర మల్లేశం బయటికి వచ్చాడు.

అసలు పని కనిపించలేదని అధ్యాపకుడు మార్కులు తగ్గించి, కనీస మార్కులతో గట్టెక్కించాడు. ఆయన విమర్శ సరైనదే. తర్వాత ఆ చిత్రాన్నే కొత్త కార్మికుల శిక్షణలో చూపించాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు, కెమెరా లోపలికెందుకు పోలేదని అడిగేవారు. దానికి జవాబు చెబితే పాఠంలో సగం అయిపోయేది. ముందస్తు పదవీ విరమణ తీసుకునే వరకు ఆ చిత్రాన్ని మార్చలేదు. కెమెరా ఎక్కడ ఆగాలో నిర్ణయించడం కూడా చిత్రం తీయడంలో భాగమేనని పుస్తకంలో లేదు; నాకు అది తిరస్కరించిన పర్మిట్ వల్ల తెలిసింది.