గేటు దాటని ముహూర్తం

ఆ రోజుల్లో కంపెనీలో ఏ మార్పు వచ్చినా అందరికంటే ఆఖర్న తెలిసేది మా పన్నుల సెక్షన్‌కే. సెక్షనంటే పెద్ద బలగం అనుకునేరు. గోపాలపట్నం నుంచి స్కూటర్ మీద వచ్చే మా సీనియర్, ఇంకా పర్మినెంటు కాని నేను, అంతే. ఆయన్ని ఆఫీసంతా 'బావ' అనే పిలిచేది. "పన్నులోళ్లని పెళ్లికి పిలవర్రా, తద్దినానికి పిలుస్తారు" అనేవాడు బావ, క్యారేజీ మూత తీస్తూ.

మాది ఇనుప చువ్వల వ్యాపారం. ఒరిస్సాలో మాకొక డిపో ఉండేది. సరుకు ముందు అక్కడికి వెళ్లి, అక్కడినుంచి చిన్న చిన్న కొట్లకి చేరేది. ఖర్చు తగ్గాలంటే ఆ డిపో మూసేసి, విశాఖ నుంచే నేరుగా కొట్లకి పంపమన్నారు హైదరాబాదు నుంచి వచ్చిన సలహాదారులు. మా యజమాని (కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దాయన) సరేనని మొదటి లారీకి ముహూర్తం పెట్టించారు. ఈ సంగతి మాకు తెలిసింది పూజ దగ్గర, పులిహోర పొట్లం చేతికొచ్చాక. బావ ఉలిక్కిపడ్డాడు. "ఒరే, డిపోకెళ్తే మన సరుకు మన దగ్గరికెళ్లినట్టు. కొట్టోడి పేర బిల్లుతో గేటు దాటితే పక్క రాష్ట్రానికి అమ్మినట్టు! పన్ను తగ్గే ఫారం రిజిస్ట్రేషన్ లేని ఆ చిన్న కొట్లోళ్లు ఇవ్వలేరు. పన్ను రెట్టింపైపోద్ది, ఒక్కడూ కొనడు. నాను పెద్దాయనకి సెప్తాను, నువ్వెళ్లి లారీ ఆపు!"

ఎలా ఆపాలో తెలియక, దండ వేసిన లారీ ముందు చేతులు చాపుకుని నిలబడ్డాను. చక్రాల కింద నిమ్మకాయలతోపాటు నా ఉద్యోగం కూడా ఉందని తెలుస్తూనే ఉంది. "ఏటి బాబూ, కాయలు తొక్కించమన్నారు గానీ నిన్ను తొక్కించమన్లేదు, తప్పుకో!" అని డ్రైవర్ కేక. గడియ దాటిపోతోందని పంతులుగారి గోల. పెద్దాయన ముఖం ఎర్రగా చేసుకుని వచ్చి, "ఏంటయ్యా ఈ అపశకునం?" అన్నారు. వెనకే ఆయాసపడుతూ వచ్చిన బావ సంగతంతా చెప్పాడు. "మరి ముహూర్తం సంగతేంటి?" అన్నారు పెద్దాయన నీరసంగా.

"దానికేటండీ? కాయలు తొక్కించి లోపలే ఓ రౌండు కొట్టిద్దాం. గేటు దాటకపోతే అమ్మకం కాదు, ముహూర్తమూ పోదు" అన్నాడు బావ.

లారీ గోడౌన్ చుట్టూ ప్రదక్షిణ చేసి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సలహాదారులే (వాళ్లకీ గండం గడిచింది మరి). డిపో బతికింది, నా ఉద్యోగమూ బతికింది.

ఇప్పుడు ఆ సెక్షన్‌కి నేనే పెద్దని. పెళ్లికేం, పెళ్లిచూపులకే పిలుస్తున్నారు. ఏ మార్పు తలపెట్టినా మొదటి కుర్చీ మాదే. తేడా కనిపిస్తే మర్యాదగా ఒక మెయిల్ పంపి, టీ తాగుతాను. లారీకి అడ్డంగా నిలబడటం ఇక నా వల్ల కాదు. ఆనాడు చేతులు చాపుకుని నిలబడ్డ ఆ కుర్రాడైతే మెయిల్ పంపి ఊరుకునేవాడు కాదు.