అక్క చేతికి వచ్చిన పెద్దరికం

మా గూడెంలో పెద్దరికం మా ఇంటిదే. తాత తర్వాత పెదనాన్న పెద్ద అయ్యాడు. భూమి తగాదా తీర్చాలన్నా, విత్తనాల పండుగ నాడు తొలి గింజ చల్లాలన్నా ఆయనే. మొన్నటి ఎండాకాలంలో ఆయన పోయాడు. ఆయనకు ఒక్కతే కూతురు. మా నాన్న అంతకుముందే పోయాడు కనుక వంతు నాకొచ్చింది.

నేను ఖమ్మంలో కరెంటు ఆఫీసు గుమస్తాను. పదిహేనేళ్లుగా అక్కడే కిరాయి ఇంట్లో కాపురం. దినాలైన మర్నాడు గూడెం పెద్దమనుషులు ముగ్గురు పెదనాన్న తలపాగా నా తలకు చుట్టారు.

"ఇగ నువ్వే మా పెద్దవు. నౌకరి చేసుకో. పండుగకు, పంచాయితీకి వస్తే చాలు."

నిజం చెప్పాలంటే గర్వంగానే అనిపించింది.

పది రోజులకే పంచాయితీ ఉందంటే గూడెం వెళ్లాను. ఇద్దరు అన్నదమ్ములకు చేను గట్టు దగ్గర గొడవ. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. ఆ చేను వాగుకు ఇవతలో అవతలో కూడా నాకు గుర్తులేదు. వెనక నిలబడ్డ అక్క, పెదనాన్న కూతురు, చిన్నవాడితో మెల్లగా అంది:

"హద్దు ఇప్పచెట్టు మొద్దు కాడ ఉండె. దాన్ని పీకి గట్టు అవతలికి జరిపినవు. నాయన కొలిచిన నాడు తాడు పట్టింది నేనే."

"అవ్ అక్కా, జరిపిన" అని అతను తల దించుకున్నాడు.

నేను తలపాగా తీసి అక్కకు ఇవ్వబోయాను. ముగ్గురు పెద్దమనుషుల్లో పెద్దాయనకు కోపం వచ్చింది.

"ఆడమనిషికి పాగా కట్టుడేంది? మా తాతల కాలంల గిట్ల లేదు."

"నాకెందుకు పాగా? తగువు తీరింది గద, బువ్వ తినిపోండి" అని అక్క లోపలికి వెళ్లింది.

విత్తనాల పండుగకు సెలవు దొరకలేదని ఫోన్ చేశాను. నిజానికి నేను అడగనే లేదు. పండుగ రోజంతా ఆఫీసులో పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం పెద్దాయనే ఫోన్ చేశాడు.

"నువ్వు రాకపోతివి. మబ్బు దిగుతున్నది, ఎంతసేపని చూస్తం? గింజల గంప మీ అక్క చేతికిచ్చిన. ఆమెనే చల్లింది."

"మరి పాగా?"

"వద్దన్నది. కొంగు తలమీద కప్పుకున్నది."

 ఫోన్ పెట్టేసే ముందు ఆయనే, "వాన మంచిగ పడ్డదిలే" అన్నాడు.