పన్నెండిళ్ళకూ ఒకే అంకె

ముందు గాజు చప్పుడు వినిపిస్తుంది. కాలవగట్టు గతుకుల మీద ఐసుపెట్టెలో సీసాలు ఒకదాన్నొకటి తట్టుకుంటూ, సన్నగా, ఆగకుండా. ఆ తర్వాతే మలుపులో తబిత స్కూటీ కనపడుతుంది.

తబితకు నలభై ఏళ్ళు. రాజమండ్రిలో ఒక కాలేజీ చేస్తున్న నీళ్ళ పరిశోధనకు ఊరూరా తిరిగి సీసాలు నింపి తేవడం ఆమె పని. చేలల్లో కొట్టిన పురుగుమందు తాగే నీళ్ళలోకి ఎంత దిగుతోంది? క్యాన్సర్ ఎక్కువగా కనపడే వీధులకూ దానికీ సంబంధం ఉందా? మండపేట మిల్లుల ఊకను కాల్చి చేసిన బొగ్గు ఆ మందును పట్టి ఆపగలదా? వాళ్ళు వెతుకుతున్నది ఇదే. ఊకబొగ్గు నింపిన డ్రమ్ములు ఆరే ఉన్నాయి. నీళ్ళు బాగా చెడిన ఆరు వీధులకే అవి వెళ్తాయి.

కాలవగట్టున ఉండే వీరమ్మ వాళ్ళ వీధి ఆ డ్రమ్ముల జాబితాలోంచి పోయింది. పరీక్షలో పన్నెండిళ్ళ నీళ్ళూ శుభ్రమని వచ్చిందట. పన్నెండిళ్ళకూ ఒకే అంకె.

ఆ అంకె తబితను కుదురుగా కూర్చోనివ్వలేదు. కంచంలో తిరిగింది, ఆదివారం చర్చిలో పాట మధ్యన తిరిగింది. పన్నెండు పెరళ్ళ బోరింగులు వేరు, లోతులు వేరు, అంకె ఒకటే ఎలా అయింది? ఆ వీధిలో రెండేళ్ళలో ముగ్గురికి క్యాన్సర్. డ్రమ్ములేమో రేపే బండెక్కుతాయి. ప్రార్థన అవగానే స్కూటీ తీసింది.

వీరమ్మ అరుగు మీద బెండకాయలు తరుగుతోంది. ఆ ముగ్గురిలో ఆమె ఒకరు. క్యాన్సర్ మందులకు జుట్టంతా ఊడిన తలకు తువ్వాలు చుట్టుకుంది.

"ఏంటమ్మాయ్, ఆదివారం కూడా మా నీళ్ళ మీదే పడ్డావు? మీ ప్రభువు సెలవివ్వలేదా?"

"మీ నీళ్ళు బాగున్నాయంటండి పిన్నిగారూ."

"బాగోక ఏం చేత్తాయి? టిన్ను నీళ్ళు కదా!"

తబిత చేతిలో తాళం ఆగింది. "టిన్నేంటండి?"

"నువ్వొత్తన్నావని ముందే తెలిసింది. ఒక టిన్ను కొనితెచ్చి పన్నెండిళ్ళూ పంచుకున్నాం. గుమ్మంలోకొచ్చి మంచినీళ్ళడిగిన ఆడకూతురికి బోరింగు నీళ్ళు పోత్తామేంటి? మాకామాత్రం మర్యాద తెలీదా?"

మంచినీళ్ళు. అవును, ఆ రోజు సీసాలు ఇస్తూ ఆ మాటే అడిగింది. తాగే నీళ్ళకు పుట్టినప్పటి నుంచీ ఆమెకు తెలిసిన మాట అదే. మంచివి అడిగితే మంచివే ఇచ్చారు. ఎదురుగా కాలవ ఎండను ముక్కలు చేసుకుంటూ పోతోంది.

అక్కడి నుంచే పరిశోధన నడిపే ప్రొఫెసరు హరిబాబుగారికి ఫోన్ చేసి టిన్ను సంగతి చెప్పింది.

"మరి మిగతా వీధుల్లో?" అన్నాడాయన.

"అక్కడ నా ముందే బోరింగు కొట్టారండి. ఇక్కడ నన్ను నీడలో కూర్చోబెట్టి సీసాలు లోపలికి పట్టుకెళ్ళారు. నేను చూడలేదండి."

"తప్పు మీదేనని కాగితం మీద రాసివ్వాలి తబిత గారూ. లేకపోతే పాత అంకెలు కొట్టెయ్యలేం. వచ్చే నెల మీ కాంట్రాక్టు పొడిగింపు కమిటీ ముందుకెళ్తుంది. ఆ కాగితం కూడా వెళ్తుంది."

"రాస్తానండి. ఒక్క డ్రమ్ము ఆపండి."

"పది రోజులు. అంతకంటే ఆపలేను."

ఈసారి ప్రతి బోరింగు పక్కనా నిలబడింది. "మీరు రోజూ తాగేవే పట్టండి" అంది. వీరమ్మ పిడి పట్టుకుని సిగ్గుపడింది.

"ఇయ్యి నీకెలా ఇవ్వనమ్మా?"

"మీరు తాగుతున్నారు కదండి."

వీరమ్మ తల మీద తువ్వాలు ఒకసారి తడుముకుంది. తర్వాత పిడి కొట్టింది.

ఎనిమిదో రోజున అంకెలు వచ్చాయి. పన్నెండూ వేరువేరు, తొమ్మిది హద్దు దాటినవి. ఆపిన డ్రమ్ము వీధి మొదట్లో దిగింది. కమిటీ మాత్రం ఇంకా కూర్చోలేదు. తన గురించి పేపర్లో రాస్తానని వచ్చిన మనిషితో తబిత నిలబడే మాట్లాడింది, స్కూటీ ఎక్కాక మెడ తిప్పి అంది:

"రాసుకోండి గానీ, డ్రమ్ము పెడితే క్యాన్సర్ పోద్దని మాత్రం రాయకండి. పురుగుమందు ఎంత ఆగుద్దో చూస్తన్నాం, అంతే. ఆ జబ్బు దీనివల్లో కాదో ఇంకా తేలలేదండి."