కుందూ నీళ్ల సీసాలు

నా మొగుడు పోయాక నంద్యాలలో కుందూ ఏటి రేవున బట్టలు ఉతికి బిడ్డను కాలేజీలో చదివించుకున్నాను. నా బిడ్డా, అక్కడి ఆడపిల్లలూ నెలకోసారి సీసాల్లో ఏటినీళ్లు పట్టి పరీక్షించి, వచ్చిన లెక్క ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్లు. ఆళ్లగడ్డ కాలేజీ పిల్లలు వక్కిలేరు లెక్క కూడా అందులోనే పెట్టేవాళ్లు.

ఒక నెల మా నీళ్లలో క్షారం మరీ ఎక్కువగా వచ్చింది. "మీ నీళ్లలో ఏం కలిసిందక్కా?" అని ఆళ్లగడ్డ పిల్ల ఒకతె రాసి అడిగిందట. ఆ రోజు నా బిడ్డ అన్నం ముందు కూర్చుని కదల్లేదు.

"ఏందే, తినవా?"

"రేవులో ఉతికేవాళ్ల వల్లేనని రాయమంటాండాడు సారు. రాస్తే మిమ్మల్ని ఆడికి రానియ్యరేమోమ్మా."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మురికి సీసాలు పట్టుకుపోతే బిడ్డకు నలుగురిలో చిన్నతనమని, నీళ్లు పట్టే ముందురోజు నేనే వాటిని బట్టల సోడాతో తోమి ఆరబెట్టాను. ఆ మాటే చెప్పాను.

"ఏటినీళ్లతోనే కడగాలమ్మా! అవేమన్నా దుప్పట్లనుకుంటివా?" అని ఏడుస్తూనే నవ్వింది.

మరునాడు మళ్లీ నీళ్లు పట్టారు. కాస్త ఎక్కువైనా లెక్క ఆళ్లగడ్డ దానికి దగ్గరగానే వచ్చింది. నా బిడ్డ పాత లెక్క చెరపకుండా పక్కనే కారణం రాసి, ఇంటర్నెట్ అంగడికి నన్ను తీసుకుపోయి చూపించింది. అంతా ఇంగ్లీషే.

"ఉతికే ఆమె కడిగిందని రాసినావా?"

"మా అమ్మ కడిగిందని రాసినా."

అది యాడుందో చూపించమని, ఆ మాట మీద నా వేలు పెట్టి చూసుకున్నాను.