మాట చెల్లని బస్సు

అందుకే చెబుతున్నానండీ, పచ్చదీపం వెలిగింది కదా అని ఏ పెట్టెనీ నమ్మేయకండి. టెస్టరమ్మ అలాగే నమ్మింది.

టెస్టరమ్మ బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్. కరెంటు చూసే టెస్టరుని కొప్పులో గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. అన్నం తినేటప్పుడు కూడా తీయదు. "పెళ్ళిపీటల మీద కూడా అదే పెట్టుకున్నావా వదినా?" అని ఆడపడుచు ఏడిపిస్తూ ఉంటుంది. ఆ ఆడపడుచు అదే డిపోలో డ్రైవరు. ఇద్దరికీ క్షణం పడదు, ఒకరు కనిపించకపోతే రెండోవాళ్ళకి ముద్ద దిగదు.

ఇప్పటి బస్సులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కదా. ముందు బస్సు బ్రేకు వేస్తే, దాంట్లోని పెట్టె 'ఆగుతున్నాను' అని చెబుతుంది. వెనక బండి దానంతట అదే నెమ్మదిస్తుంది. మొదట్లో ఎవడో ఆకతాయి రోడ్డు పక్కన కూర్చుని 'ముందు యాక్సిడెంటు' అని ఉత్తుత్తి కబుర్లు వదిలాడు. బళ్ళన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. ఆ దెబ్బతో కంట్రోల్ రూమువాళ్ళు ప్రతి పెట్టెకీ ఒక రహస్య ముద్ర ఇచ్చారు. ముద్ర లేని మాటని ఏ బండీ చెవిన పెట్టదు. బస్సు మూలపడితే దాని ముద్రని రద్దు చేస్తారు.

డిపోలో మాత్రం పాత అలవాటొకటి ఉంది. దేనికైనా వస్తువు పాడైతే షెడ్డు వెనక మూలపడ్డ బస్సులోంచి అరువు తెస్తారు. హారనైనా అంతే, వైపరైనా అంతే. ఆ రోజు పొద్దున దట్టంగా మంచు పట్టింది. ఆడపడుచు కొండదారి బస్సు తీయబోతే పెట్టె పలకలేదు.

"పెట్టె లేకుండా గేటు దాటనివ్వరు వదినా. జనం ఎక్కి కూర్చున్నారు."

"ఉండవే, ఏడవకు," అంటూ టెస్టరమ్మ వెళ్ళి మూలబస్సు పెట్టె ఊడదీసి తెచ్చి బిగించింది. పచ్చదీపం వెలిగింది. అది కరెంటు ఉందని చెబుతుందే గానీ, ముద్ర చెల్లుతుందని కాదు. బస్సు వెళ్ళిపోయింది.

ఆమె చేతులు కడుక్కుంటుంటే కంట్రోల్ రూము అమ్మాయి ఫోను చేసింది.

"అక్కా, మీ మూలపడ్డ బస్సు కొండెక్కిందేంటి? ఎవడో దాని పెట్టె దొంగిలించి దొంగమాటలు పంపుతున్నాడు. దాన్ని ఎవరూ నమ్మొద్దని బళ్ళన్నిటికీ మళ్ళీ చెప్పేశాను."

టెస్టరమ్మకి అప్పుడు తట్టింది. మంచులో మలుపు దగ్గర ఆడపడుచు బ్రేకు వేస్తే వెనక వచ్చే బండికి వినపడదు. ఫోను చేద్దామంటే, నడిపేటప్పుడు ఆ పిల్ల ఫోను కట్టేసి సంచిలో పడేస్తుంది.

"దొంగ కాదమ్మా, నేనే. నేనే బిగించాను. లోపల మా ఆడపడుచుంది, జనం ఉన్నారు. వెనక బళ్ళని దూరంగా ఉండమను."

అవతల అమ్మాయి ఒప్పుకోలేదు.

"ఏమనుకోకక్కా. దొంగైనా ఇదే చెబుతాడు కదా. నువ్వు టెస్టరమ్మవేనని నాకేంటి రుజువు? మీ డిపోలో ముద్ర ఉన్న బస్సేదైనా ఎక్కి దాని పెట్టె మీది పరీక్ష మీట నొక్కు. నాకు కనపడితే నమ్ముతాను."

టెస్టరమ్మకి కోపం రాలేదు. ఆ పిల్ల స్థానంలో తనున్నా అదే అనేది. గేటు దగ్గర నిలబడ్డ బస్సులోకి దూరింది. సీట్లో కూర్చుని టిఫిను తింటున్న లావుపాటి డ్రైవరు అదిరిపడ్డాడు.

"నా బస్సులోంచి కూడా ఏమైనా అరువు కావాలా తల్లీ?"

"నీ నోరు తప్ప అన్నీ కావాలి. జరుగు," అని మీట మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఫోనులో "ఆ, కనపడింది" అని వినపడేదాకా వేలు తీయలేదు.

కంట్రోల్ రూము తన ముద్రతో కబురు పంపింది: కొండదారిలో ఒక బస్సు మాట చెల్లదు, వెనకవాళ్ళు ఎడంగా రండి.

ఆ తర్వాత టెస్టరమ్మ ఏ పనీ చేయలేకపోయింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని షెడ్డు మెట్ల మీద కూర్చుంది. చివరికి అది మోగింది.

"వదినా, దిగేశాను. ఏంటి, వెనకవాడు దారంతా మైలు దూరంలో వచ్చాడు? నా బస్సుకేమైనా మశూచి పోసిందా?"

"మలుపులో బ్రేకేశావా?"

"వేయకుండా ఎలా? ఆవొకటి అడ్డంగా పడుకుంది. ఎందుకు?"

టెస్టరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంటికి రా, చెబుతాను. ఆ బస్సు మాత్రం అక్కడే ఉంచెయ్. కొత్త పెట్టె వస్తుంది."

మేనేజరు గట్టిగానే చీవాట్లు పెట్టాడు. ఆమె మాటలన్నీ పడింది. మూలబస్సుల పెట్టెలన్నీ తనే ఊడదీసి అప్పజెబుతానంది, ఊడదీసింది కూడా. ఒక్కదాని నట్లు మాత్రం తుప్పుపట్టి కదల్లేదు. వాటి మీద పోయడానికి కిరసనాయిలు తెస్తానని సీసా పట్టుకుని బయలుదేరింది. దారిలో డ్యూటీ దిగిన ఆడపడుచు ఎదురైంది. ఇద్దరూ టీకొట్టు బల్ల మీద కూర్చుని ఆ పొద్దుటి సంగతి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. ఖాళీ సీసా బల్ల కిందే ఉంది, ఆ ఒక్క పెట్టె ఇంకా మూలబస్సులోనే ఉంది.