ఆరు ముందర గీసిన ఒకటి

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తున్న, ఇందులో ప్రతి మాట నిజం. ప్రమాణం ఎందుకంటే, పెద్దపల్లిలో నన్ను ఎరిగినోళ్లెవరూ నా మాట ఊరికే నమ్మరు. మంథని కాడ గోదావరిలో జారిపోయిన నా చెప్పును మూడేండ్ల తర్వాత ఒక చేప కడుపులోంచి తీసి తొడుక్కున్ననని ఒకసారి చెప్పిన. అప్పటినుంచి మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి నేను లేస్తే పాస్టరుగారు ముందుగాల గడియారం దిక్కు చూస్తడు, తర్వాత పైకి చూస్తడు. ఈసారి సంగతి వేరు. నిన్న సాయంత్రం చర్చి వెనక గ్రౌండ్‌లో మా బావ వాలీబాల్ లేపుతుంటే నేను బంతులు అందిస్తున్న. అయిపోయినంక తువ్వాలతోని మెడ తుడుచుకుంట, "ఎన్నయినయి బామ్మర్దీ?" అన్నడు. "పద్దెనిమిది" అన్న. "నాకూ గంతే అనిపించింది" అని, పోయిందనుకున్న తాళంచెవి జేబులనే దొరికినట్టు నవ్విండు. ఆ నవ్వు చూసినంక ఇంటికొచ్చి కాగితాలు ముందరేసుకున్న.

బావ అంటే మా అక్క పెనిమిటి. మంథని బస్సు మీద కండక్టరు. వెనక మెట్టు మీద నిలబడి ఒక్క చూపు చూస్తే లోపల ఎంతమందో చెప్పేటోడు, సంకలోని పిల్లలతో సహా. ఆటలో లిఫ్టరు. లిఫ్టరంటే వెనకనుంచి వచ్చిన బంతిని వేళ్ల మీద అందుకొని, కొట్టేటోని కోసం నెట్ పక్కన గాల్లోకి లేపిపెట్టేటోడు. కొట్టేటోణ్ని నేను. కొట్టినోనికి చప్పట్లు, లేపినోనికి నడుంనొప్పి అని అక్క ఎత్తిపొడిచేది. ఆయన లేపిన బంతి వేళ్లను తాకిన చప్పుడు కూడా వచ్చేది కాదు, తడి బట్టను దండెం మీద వేసినట్టు పైకి పోయేది. ఒకసారి ఎంత ఎత్తు లేపిండంటే, అది దిగేలోపు నేను చాయ్ తాగి, గ్లాసు కడిగిచ్చి, వచ్చి కొట్టిన. ప్రమాణం చేసిన కాబట్టి సరిచేస్తున్న, గ్లాసు కడగలే.

ఆరేండ్ల కింద ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే ఆయన చేతిలోంచి చెంబు జారింది. తీసిండు, మళ్ల జారింది. మూతి పక్కకు పోయింది చూసి అక్క ఆటో పిలిచింది. పసరు పోయిద్దాం, పావురం నెత్తురు రాద్దాం అన్న చుట్టాలను గడపలనే ఆపి, కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకపోయింది. పాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు మాత్రం మాట వినుడు మానేసినయి. నాలుగో రోజు ఆయన నోట వచ్చిన మొదటి మాట "రైట్". బస్సు కదిలించే మాట అది. నర్సులు నవ్విండ్రు, అక్క ఏడ్చింది. అంకెలు కూడా కొన్నాళ్లు తారుమారైనయి. ఏడు తర్వాత పది వచ్చేది.

పక్షవాతం వచ్చినోళ్లకు మళ్ల చెయ్యీకాలూ నేర్పే సెంటరు ఒకటి కరీంనగర్‌లో ఉన్నదంటే వారం వారం నేనే బస్సుల తీసుకపోయిన. అక్కడి ఫిజియో మేడంది ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడ. ఆమె మాటల్లో మరాఠీ కలిసేది. మెల్లగా అనడానికి "హళూ, హళూ" అనేది. వచ్చినోళ్లందరినీ ముందు ఒకటే అడిగేది, నీకేం చెయ్యాలనుంది అని. ఒకాయన అన్నం కలుపుకోవాలె అన్నడు, ఒకామె జడ వేసుకోవాలె అన్నది. మా బావ "బంతి లేపాలె" అన్నడు. నేను నవ్విన. మేడం నవ్వలే. లోపలికి పోయి ఒక రబ్బరు బుగ్గ ఊది తెచ్చింది. మొదలు టేబులు మీద తువ్వాలను ముందుకు తోసుడు, తర్వాత బట్టల క్లిప్పులు పెట్టుడు తీసుడు, కుడికాలు మీద బరువేసి నిలబడుడు, ఆ తర్వాత బుగ్గ, ఆ తర్వాత మెత్తటి ప్లాస్టిక్ బంతి. మధ్యలో అంకెలు కూడా నేర్పింది. రెండు నెలలకు బావ లెక్క గాడిన పడ్డది. మేడం పెట్టిన షరతు ఒక్కటే. మెత్తటి బంతి భుజం ఎగరెయ్యకుండ వరుసగా ముప్పైసార్లు లేపితేనే అసలు బంతి, దానితోని ముప్పై వస్తేనే గ్రౌండు. ఇంటికాడ రోజూ ఎన్ని వచ్చినయో రాయడానికి నోటుబుక్కు నా చేతికిచ్చింది. మేకల మందకు కాపలా పెట్టడానికి తోడేలును వెతికినట్టు, మా ఇంట్ల ఇంతమంది ఉండంగ నా చేతికే.

మొదటి రోజు ఆరు వచ్చినయి. బావ ముఖం చూసిన. ఇన్నేండ్లు నన్ను ఆడించిన ముఖం అది, ఆరుకు దించుకునేది కాదు. ఆరు ముందర ఒక నిలువు గీత గీసిన. పదహారైంది.

"నాకు ఆరే అనిపించిందిరా" అన్నడు.

"లేదు బావా, పదహారు. నీకింకా లెక్క తప్పుతది" అన్న.

ఎడమచేత్తోని బంతిని ఒళ్లో పెట్టుకున్నడు. "అయితే అయితది" అన్నడు.

చేప కడుపులో చెప్పు అబద్ధంతో ఎవనికీ దెబ్బ తగల్లే. ఈ అబద్ధం సంగతి నాకు అప్పుడు తెల్వలే. రోజుకొక గీత పడ్డది, పోనుపోను ఆ గీత రెండైంది, రెండు మూడైంది. సెంటర్ల ఎనిమిదో తొమ్మిదో లేపి ఆగిపోతే మేడం నోటుబుక్కు దిక్కు చూసి, "ఇంట్ల మంచిగ వస్తున్నయి, ఇక్కడెందుకు తక్కువ?" అనేది. "బస్సుల వచ్చి అలసిపోతడు మేడం" అని నేనే అందుకునేటోణ్ని. నాలుగో నెలలో ఆమె, జాగ్రత్త జాగ్రత్త అనుకుంటనే, అసలు బంతికి ఒప్పుకున్నది. ఆ పుస్తకాన్నే నమ్మి తర్వాత గ్రౌండుకు కూడా సరేనన్నది, నిలబడి లేపుడు ఒక్కటే, ఉరుకుడు వద్దని. నేనేం చేసిన? క్రిస్మస్ ముందర సంఘాల మధ్య పెట్టే ఆటలకు ఆయన పేరు రాయించిన. ఊరంతా చెప్పిన.

జనం బాగా వచ్చిండ్రు. మొదటి బంతి ఆయన మీదికే వచ్చింది. రెండు చేతులూ లేచినయి, కుడిది జర ఆలస్యంగ లేచింది. వేళ్ల సందులోంచి బంతి ముఖానికి తగిలింది. తిరగబోతే కుడికాలు అడ్డం పడ్డది, భుజం మీద పడ్డడు. ఆయనే ఎడమచెయ్యి నేలకానించి, నా దిక్కు చూసి, "ముప్పై వచ్చేటివి కదరా" అన్నడు.

మూడు నెలలు చెయ్యి మెడకు కట్టేసి ఉన్నది. కట్టు విప్పినంక సెంటరుకు పోతే వేళ్లు మళ్ల పిడికిలైనయి. ఇట్లాంటి చేతులు మొదటి నెలల్లోనే తొందరగా నేర్చుకుంటయని, ఆ నెలలు పోయినంక ఇంకా హళూ అని చెప్పింది మేడం. నోటుబుక్కు తిప్పింది, తిప్పింది. "ఇవి ఎవరు లెక్కపెట్టిండ్రు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే బావ, "నాకే లెక్క తప్పుతది మేడం, నేను చెప్పిందే మావోడు రాసిండు" అన్నడు.

వాపసు వచ్చేటప్పుడు బస్సుల నేను మొత్తం చెప్పేసిన. ఆయన కిటికీ దిక్కు చూసుకుంట నవ్వి, "చేప కడుపుల చెప్పునే నమ్మలే, నీ పదహారు నమ్ముతనారా? నాకు ఎప్పుడో తెలుసు" అన్నడు. మనసు తేలికైంది.

తర్వాత నోటుబుక్కు అక్క తీసుకున్నది. ఆమె పుస్తకంలో మూడు, మూడు, నాలుగు, రెండు. ఒక పేజీల సున్న కూడా ఉన్నది, ఇంత గుండ్రంగ. ఆ సున్నల మీదినుంచి ఏండ్లకేండ్లు నడిచి ఆయన నిన్నటి పద్దెనిమిదికి వచ్చిండు. ముప్పై ఇంక రాదని మేడం చెప్పింది. ఆటలోకి తీసుకుంటే ఎడమచేత్తోని సర్వీసు వేస్తడు, మీదికొచ్చిన బంతి ఒకటో రెండో లేపుతడు. కొట్టేటోళ్లు ఇప్పుడు వేరే పిల్లలు.

ఇగ బైబిలు మీది చెయ్యి తీస్తున్న. బస్సుల మాట నేను కల్పించిన. నేనేం చెప్పలే, ఆయన నవ్వలే. జరిగిందేందంటే, ఆయన సీట్లోంచి జర లేచి, ముందునుంచి వెనకదాకా చూసి, "ముప్పై నాలుగు. సరేనా చూడు" అన్నడు. నేను ఒక్కొక్క తల లెక్కపెట్టిన. ముప్పై నాలుగే. "సరే ఉంది బావా" అన్న. ఆ ఆరు కూడా సరే ఉండెనని ఇంకొక్క మాట అంటే అయిపోయేది. అనలే. మరుసటి నెలలో కూర్చుండి టికెట్లిచ్చే డ్యూటీ ఇస్తమన్నా ఆయన వద్దని డిపో గేటు కాడ కూర్చునే పని అడుక్కున్నడు. చేతి కోసమని అందరూ అనుకున్నరు. ఇప్పటికీ చాయ్ గ్లాసులు లెక్కపెట్టినా నా దిక్కు చూస్తడు.

ఈ కాగితాలు రేపు ముందుగాల ఆయనకే ఇస్త. అక్షరాల కింద వేలు పెట్టుకుంట హళూ హళూ చదువుతడు, ఈ లైను కాడికి వచ్చేసరికి నేను ఎదురుంగ కూర్చుండాలె. కాలం నా అసొంటిది కాదు. ఆరును ఆరనే రాసుకున్నది, ఆరేండ్లను ఆరేండ్లనే.